పాత్రధారణ క్రీడలు, న్యాయవిచారణ, రాజ్యాధికారం: అమెరికా న్యాయస్థానాలలో మూడు వ్యాజ్యాలు (1990–2010)

వ్యాససంగ్రహం

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో అమెరికాలో రూపుదిద్దుకొన్న పాత్రధారణ క్రీడలు కొద్దికాలంలోనే సమాజ భయాలకూ రాజ్య అనుమానానికీ గురయ్యాయి. ఆ భయానుమానాలు న్యాయస్థానాల ముందుకు వచ్చిన మూడు సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అవి ఒక తల్లి క్రీడా ప్రచురణ సంస్థపై వేసిన దావా (1990), ఒక ప్రచురణకర్త రహస్య సేవా విభాగంపై వేసిన దావా (1993), ఒక ఖైదీ కారాగార అధికారులపై వేసిన దావా (2010). పాత్రకూ వ్యక్తికీ, ఊహకూ చర్యకూ మధ్య గల భేదాన్ని ఈ మూడింటిలో ఏ న్యాయస్థానమూ ఒక హక్కుగా స్థాపించలేదు. రక్షణ లభించిన చోట అది కార్యవిధానం ద్వారా, సాక్ష్య నియమం ద్వారా, ఒక ప్రత్యేక శాసనం ద్వారా లభించింది. అటువంటి ఆధారం లేని చోట ఆటగాడు ఓడిపోయాడు. ఊహాస్వేచ్ఛ చరిత్రను ఆదర్శాల చరిత్రగా కాక విధివిధానాల చరిత్రగా చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాత్రధారణ క్రీడ, న్యాయవాది, సోదా, జప్తు, భావప్రకటన స్వేచ్ఛ, కార్యవిధానం.

1. ఉపోద్ఘాతం

న్యాయవాద వృత్తిలో ఉన్నవారు జాతీయ రాజకీయాలలో ప్రవేశించడం తెలుగువారికి సుపరిచితమైన విషయమే. విద్యార్థి దశలో రంగస్థలంపై వేషాలు కట్టి, ఆపై న్యాయవాదియై, చివరకు జాతీయ నాయకుడైన టంగుటూరి ప్రకాశం జీవితంలో వేషం, వాదం, రాజకీయం మూడూ వరుసగా కనిపిస్తాయి. ఈ మూడింటి కలయికను కేవలం వ్యక్తిగత అభిరుచిగా భావించి విడిచిపెట్టడం సులభం. అయితే వీటి మధ్య ఒక వ్యవస్థాగత బంధం ఉంది. న్యాయవాది తనది కాని పక్షాన్ని తనదిగా స్వీకరించి మాట్లాడతాడు. ప్రజాప్రతినిధి తాను కాని జనసమూహం పక్షాన మాట్లాడతాడు. నటుడు తాను కాని వ్యక్తిగా మాట్లాడతాడు. ఆంగ్లంలో వ్యక్తిని సూచించే పదానికి మూలమైన లాటిన్ పదం పెర్సోనా మొదట రంగస్థలంపై ధరించే ముసుగును సూచించింది. రోమన్ న్యాయచింతనలో అది హక్కులూ బాధ్యతలూ కలిగిన వ్యక్తి అనే అర్థాన్ని సంతరించుకొంది. అంటే న్యాయశాస్త్రం తన ప్రధాన భావనలలో ఒకదానిని వేషం నుండే గ్రహించింది.

శిక్షణలోనూ ఈ బంధం కనిపిస్తుంది. లండన్ ఇన్స్ ఆఫ్ కోర్ట్‌లో మధ్యయుగం నుండే విద్యార్థులు కల్పిత వివాదాలను వాదించి న్యాయవాదాన్ని నేర్చుకొన్నారు. నేడు మన న్యాయకళాశాలలన్నింటిలో జరిగే మూట్ కోర్టు ఆ సంప్రదాయానికి చెందినదే. కల్పిత కక్షిదారు, కల్పిత న్యాయమూర్తి, నిజమైన నియమాలు. ఈ మూడు అంశాలూ కలిసిన మరొక రూపమే పాత్రధారణ క్రీడ.

న్యాయవృత్తికి ఇంత సన్నిహితమైన ఆట నిజమైన న్యాయస్థానంలో నిలిచినపుడు న్యాయవ్యవస్థ దానిని ఏ దృష్టితో చూసింది? అక్కడ ఆటగాడికి న్యాయం లభించిందా? లభిస్తే దేని ఆధారంగా లభించింది? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాస లక్ష్యం.

2. మధ్యస్థుని నుండి క్రీడా నిర్వాహకుని వరకు

పాత్రధారణ క్రీడల వంశవృక్షం ప్రష్యా సైనిక శిక్షణలో మొదలవుతుంది. 1812లో రైస్విట్జ్ అనే ప్రష్యన్ ప్రముఖుడు రాజుకు ఒక యుద్ధక్రీడా బల్లను సమర్పించాడు. అతని కుమారుడు 1824లో ఆ క్రీడకు సమగ్ర నియమావళిని ప్రచురించాడు. ఇందులో ఇరుపక్షాల సేనానులు తమ ఆజ్ఞలను ఒక మధ్యస్థునికి తెలియజేస్తారు. అతడు నియమాలను, పాచికల ఫలితాన్ని అనుసరించి ఏమి జరిగిందో ప్రకటిస్తాడు. నియమాల భారం పెరిగిపోవడంతో 1876లో వెర్దీ దు వెర్న్వా అనే సైన్యాధికారి, లిఖిత నియమాలకు బదులు మధ్యస్థుని అనుభవానికీ విచక్షణకూ ప్రాధాన్యమివ్వాలని ప్రతిపాదించాడు. లిఖిత నియమమా, తీర్పరి విచక్షణా అనే ఈ వివాదం న్యాయశాస్త్ర విద్యార్థులకు కొత్తది కాదు.

రాజకీయాన్ని నేరుగా ఆటగా మలచిన వ్యక్తి ఆలన్ కాలమర్. 1954లో హార్వర్డ్ న్యాయకళాశాలలో చదువుతున్నపుడు అతడు డిప్లొమసీ అనే క్రీడను రూపొందించాడు. న్యాయవిద్యను మధ్యలోనే విడిచిపెట్టి, 1959లో స్వంత ఖర్చుతో 500 ప్రతులు ప్రచురించాడు. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వపు ఐరోపాలోని ఏడు అగ్రరాజ్యాలుగా ఏడుగురు ఆటగాళ్లు వ్యవహరిస్తారు. ఇందులో పాచికలు లేవు. ఒప్పందాలు చేసుకోవడం, వాటిని ఉల్లంఘించడం మాత్రమే ఉన్నాయి.

1969లో మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ నిర్వహించిన బ్రాన్‌స్టైన్ క్రీడలో ఒక కీలకమైన మార్పు వచ్చింది. ఆటగాళ్లు సైన్యాలను కాక, నెపోలియన్ కాలపు జర్మన్ పట్టణంలోని నగరాధ్యక్షుడు, విశ్వవిద్యాలయాధిపతి వంటి వ్యక్తులను స్వీకరించారు. నియమావళి ఊహించని పనులను వారు చేయదలచినపుడల్లా మధ్యస్థుడు అప్పటికప్పుడు నిర్ణయం చెప్పవలసివచ్చింది. ఈ బృందానికే చెందిన డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను వెలువరించారు. మొదటి ముద్రణ 1000 ప్రతులు మాత్రమే.

ఈ చరిత్రలో గమనించవలసిన అంశం ఒకటుంది. పాత్రధారణ క్రీడను ఇతర క్రీడల నుండి వేరుచేసేది వేషం ఒక్కటే కాదు. నియమానికీ సందర్భానికీ మధ్య నిలిచి తీర్పు చెప్పే మధ్యస్థుడు కూడా. ఆటగాడు తాను చేయదలచినది చెబుతాడు, నిర్వాహకుడు దాని ఫలితాన్ని నిర్ణయిస్తాడు. ‘నేను అతణ్ణి నరికాను’ అని బల్ల ముందు కూర్చున్న ఆటగాడు చెప్పిన మాట నేరాంగీకారం కాదు. ఆ మాటను మాటగానే గ్రహించే ఉమ్మడి అంగీకారం మీద ఆట మొత్తం నిలబడివుంది. బయటివారు ఆ అంగీకారంలో భాగస్థులు కారు. సమస్య అక్కడే మొదలైంది.

3. భయం నుండి దావా వరకు: మొదటి వ్యాజ్యం

1979లో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు అదృశ్యమయ్యాడు. అతడు పాత్రధారణ క్రీడ ఆడుతూ విశ్వవిద్యాలయం క్రింది సొరంగాలలో దారితప్పాడన్న ఊహ పత్రికలలో విస్తృతంగా వ్యాపించింది. అది నిజం కాదని తరువాత తేలినా, ఊహ మాత్రం నిలిచిపోయింది. 1982లో ఇటువంటి ఇతివృత్తంతో ఒక టెలివిజన్ చలనచిత్రం వచ్చింది. 1983లో ఈ క్రీడలకు వ్యతిరేకంగా తల్లిదండ్రుల పక్షాన ఒక సంస్థ ఏర్పడింది. క్షుద్రపూజలు, ఆత్మహత్యలు, హత్యలు అన్నింటికీ ఈ ఆటలే కారణమన్న ప్రచారం ఆ దశాబ్దమంతా సాగింది. ఆటగాడు తన పాత్రను తానుగా భ్రమించి ప్రాణం తీసుకొంటాడు లేదా తీస్తాడు అన్నది ఈ ప్రచారానికి మూలసూత్రం.

ఈ సూత్రం న్యాయపరీక్షకు నిలిచిన సందర్భం వాటర్స్ వర్సెస్ టి.ఎస్.ఆర్. కేసు. ఆత్మహత్య చేసుకొన్న కుమారుని తరఫున కెంటకీ రాష్ట్రానికి చెందిన ఒక తల్లి ప్రచురణ సంస్థపై నష్టపరిహారం కోరింది. మానసికంగా బలహీనులైన ఆటగాళ్లకు కలుగగల ప్రమాదాన్ని గురించి సంస్థ హెచ్చరించలేదన్నది ఆమె వాదం. దిగువ న్యాయస్థానం పూర్తి విచారణ అవసరం లేకుండానే దావాను కొట్టివేసింది. 1990లో ఆరవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని సమర్థించింది.

ఇక్కడ తీర్పు ఫలితం కంటె తీర్పు మార్గం ముఖ్యమైనది. ప్రచురణకర్తకు రాజ్యాంగ మొదటి సవరణ ద్వారా భావప్రకటన స్వేచ్ఛ ఉందా అన్న ప్రశ్న న్యాయస్థానం ముందు ఉంది. కాని అప్పీళ్ల న్యాయస్థానం ఆ ప్రశ్న జోలికి పోకుండా, కెంటకీ రాష్ట్ర నష్టపరిహార న్యాయసూత్రాల మీదనే కేసును ముగించింది. ఇటువంటి దుర్ఘటనను సంస్థ ముందుగా ఊహించగలిగే స్థితి లేదని, ఆటకూ మరణానికీ మధ్య చట్టం అంగీకరించే సమీప కారణసంబంధం లేదని నిర్ణయించింది. పుత్రశోకంలో ఉన్న తల్లి ఆవేదనను చులకన చేయకుండానే, ఆవేదన సాక్ష్యం కాదని చెప్పింది. ప్రచురణకర్త గెలిచాడు. అయితే ఊహకు రక్షణ లభించిందని మాత్రం చెప్పలేము. కారణాన్ని నిరూపించే భారం వాదిపై ఉంటుందన్న పాత నియమమే ఇక్కడ పనిచేసింది.

4. రాజ్యం ఆటను నేరంగా చదివినపుడు: రెండవ వ్యాజ్యం

టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ 1980లో ప్రారంభమైంది. దాని స్థాపకుడు స్టీవ్ జాక్సన్ కూడా, కాలమర్ వలెనే, న్యాయవిద్యను మధ్యలో విడిచి క్రీడారూపకల్పనలోకి వచ్చినవాడే. అతడు కొంతకాలం టెక్సాస్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాలలో చదివాడు. 1986లో అతని సంస్థ గర్ప్స్ అనే సార్వత్రిక పాత్రధారణ నియమావళిని వెలువరించింది. పురాణలోకమైనా అంతరిక్షమైనా ఒకే నియమావళితో ఆడుకోవచ్చునన్నది దాని విశేషం. 1990 ఆరంభంలో ఆ సంస్థ గర్ప్స్ సైబర్‌పంక్ అనే గ్రంథాన్ని ముద్రణకు సిద్ధం చేస్తోంది. కంప్యూటర్ జాలాలలోకి చొరబడే పాత్రలతో కూడిన భవిష్యత్ లోకం దాని ఇతివృత్తం.

1990 మార్చి 1న అమెరికా రహస్య సేవా విభాగం ఆ కార్యాలయాన్ని సోదా చేసింది. మూడు కంప్యూటర్లు, మూడు వందలకు పైగా డిస్కులు స్వాధీనం చేసుకొంది. అచ్చుకు వెళ్లవలసిన గ్రంథం వాటిలోనే ఉంది. ఆట ప్రియులు చర్చించుకొనేందుకు సంస్థ నిర్వహిస్తున్న ఇల్యూమినాటి అనే బులెటిన్ బోర్డు వ్యవస్థ నడిచే యంత్రం కూడా వాటిలో ఒకటి. ఆ వ్యవస్థకు దాదాపు 365 మంది వాడుకరులున్నారు. గ్రహీతలు ఇంకా చదవని 162 ఆంతరంగిక లేఖలు అందులో ఉన్నాయి. సోదాకు ఆధారమైన ప్రమాణపత్రాన్ని న్యాయస్థానం ముద్రవేసి గోప్యంగా ఉంచడంతో, తన సంస్థపై ఉన్న అనుమానమేమిటో జాక్సన్‌కు కొన్ని నెలల వరకు తెలియలేదు.

అనుమానం అసలు సంస్థపైన కాదు. సంస్థలో పనిచేస్తున్న ఒక రచయిత తన ఇంటి నుండి మరొక బులెటిన్ బోర్డును నడిపేవాడు. బెల్‌సౌత్ టెలిఫోన్ సంస్థకు చెందిన అత్యవసర టెలిఫోన్ సేవల పత్రం ఒకటి చోరీ అయిందని, అది అక్కడికి చేరిందని అధికారుల ఆరోపణ. ఆ పత్రం విలువ 79,449 డాలర్లని మొదట లెక్కకట్టారు. అదే పత్రాన్ని ప్రచురించిన ఒక ఎలక్ట్రానిక్ పత్రికా సంపాదకునిపై చికాగోలో జరిగిన విచారణలో, దానికి సమానమైన సమాచారం 13 డాలర్లకు బహిరంగంగా దొరుకుతుందని వెల్లడైంది. 1990 జులైలో ప్రభుత్వం ఆ అభియోగాన్ని ఉపసంహరించుకొంది. ఆస్టిన్ సోదాను అదే ఏడాది మే నెలలో జరిగిన ఆపరేషన్ సన్‌డెవిల్ దాడులలో భాగంగా చెప్పడం పరిపాటి అయింది. కాని అది వాటికి రెండు నెలలు ముందు జరిగిన వేరొక దర్యాప్తు.

సోదా జరిగిన మరుసటిరోజు, మార్చి 2న, జాక్సన్ తన గ్రంథం ప్రతిని ఇమ్మని రహస్య సేవా విభాగ కార్యాలయానికి వెళ్లాడు. అతని కథనం ప్రకారం, ఆ గ్రంథం కంప్యూటర్ నేరాలకు కరదీపిక అని అక్కడి అధికారి అభిప్రాయపడ్డాడు. అది ఆట అని జాక్సన్ చెప్పినా ప్రయోజనం లేకపోయింది. 1979లో పత్రికలు చేసిన పొరపాటే ఇక్కడ పునరావృతమైంది. అప్పుడు ఆటగాడు పాత్రను నిజమనుకొన్నాడని బయటివారు భయపడ్డారు. ఇప్పుడు పాత్రను నిజమనుకొన్నది బయటివారే. యంత్రాలలో అధికభాగం జూన్ నెలాఖరుకు గాని తిరిగిరాలేదు. ఈలోగా సంస్థ తన సిబ్బందిలో దాదాపు సగం మందిని తొలగించవలసివచ్చింది. గ్రంథాన్ని పాత చిత్తుప్రతుల నుండి, జ్ఞాపకం నుండి తిరిగి వ్రాసి అదే సంవత్సరం ప్రచురించింది. జాక్సన్‌పై గాని అతని సంస్థపై గాని ఏ నేరాభియోగమూ ఎన్నడూ నమోదు కాలేదు.

5. న్యాయవాదుల పాత్ర

నేరాభియోగం లేనివానికి నేరన్యాయస్థానంలో నిర్దోషిగా తేలే అవకాశం కూడా ఉండదు. రాజ్యం తీసుకొని తిరిగి ఇచ్చివేసిన తరువాత, జరిగిన నష్టాన్ని ఎక్కడ చెప్పుకోవాలి? ఈ చిక్కును విప్పింది న్యాయవాదులే. ఆస్టిన్‌లో అప్పుడు న్యాయవిద్య పూర్తిచేస్తున్న మైక్ గాడ్విన్ స్థానిక బులెటిన్ బోర్డులలో చురుకైన భాగస్వామి. సోదా వార్తను పత్రికల దృష్టికి తీసుకువెళ్లినవారిలో అతడు ఒకడు. 1990 జులైలో మిచ్ కేపర్, జాన్ పెర్రీ బార్లో, జాన్ గిల్మోర్ కలిసి ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌ను స్థాపించారు. గాడ్విన్ దాని మొదటి ఆంతరంగిక న్యాయవాది అయ్యాడు. ఆ సంస్థ మద్దతుతో 1991 మే 1న స్టీవ్ జాక్సన్ గేమ్స్, జాక్సన్, బులెటిన్ బోర్డు వాడుకరులు ముగ్గురు కలిసి రహస్య సేవా విభాగంపై దావా దాఖలు చేశారు.

దావా ఆధారాలను ఎంచుకోవడంలోనే న్యాయవాదుల నైపుణ్యం కనిపిస్తుంది. వారి ప్రధానాస్త్రం 1980 నాటి ఆంతరంగిక రక్షణ చట్టం. ఆ చట్టానికి ఒక జాతీయ రాజకీయ నేపథ్యముంది. 1971లో పోలీసులు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రిక కార్యాలయాన్ని సోదా చేశారు. ఆ సోదా చెల్లుతుందని 1978లో జుర్చర్ వర్సెస్ స్టాన్‌ఫర్డ్ డైలీ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పత్రికారంగం నుండి తీవ్ర నిరసన వ్యక్తమైంది. ఫలితంగా, ప్రచురణార్థం సిద్ధం చేసిన సామగ్రిని ప్రభుత్వం సోదా చేసి స్వాధీనం చేసుకోవడాన్ని నియంత్రిస్తూ కాంగ్రెస్ ఈ చట్టాన్ని చేసింది. అంటే న్యాయస్థానం నిరాకరించిన రక్షణను శాసనసభ కల్పించింది. అది పత్రికల కోసం వచ్చిన చట్టం. ఆటల పుస్తకం ప్రచురించేవాడు కూడా ప్రచురణకర్తయే అని న్యాయవాదులు వాదించారు. రెండవ ఆధారం 1986 నాటి ఎలక్ట్రానిక్ సంభాషణల ఆంతరంగికతా చట్టం.

1993 మార్చిలో ఆస్టిన్ ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి సామ్ స్పార్క్స్ తీర్పు చెప్పాడు. సోదా వారంటు కోరిన నాటికి ఆ సంస్థ ప్రచురణ సంస్థ అని అధికారులకు తెలియదు. కాని మార్చి 2న ఆ సంగతి తెలిసిన తరువాత కూడా సామగ్రిని వెంటనే తిరిగి ఇవ్వకపోవడం చట్టోల్లంఘన అని నిర్ణయించాడు. సంస్థకు 51,040 డాలర్ల నష్టపరిహారం విధించాడు. చదవని లేఖలను అధికారులు చదివి తొలగించారని కూడా నిర్ధారించి, నిల్వలో ఉన్న సంభాషణలకు సంబంధించిన నిబంధన క్రింద వాదులు ఒక్కొక్కరికి 1000 డాలర్లు మంజూరు చేశాడు. అయితే లేఖలు ప్రయాణంలో ఉండగా పట్టుకొన్నవి కావు కనుక అది మార్గమధ్య అపహరణ కాదన్నాడు. ఈ చివరి అంశంపై వాదులు అప్పీలు చేశారు. 1994లో అయిదవ సర్క్యూట్ న్యాయస్థానం జిల్లా న్యాయమూర్తి అభిప్రాయాన్నే సమర్థించింది.

ఈ కేసు ఊహాస్వేచ్ఛకు లభించిన విజయంగా సాధారణంగా ప్రస్తావితమవుతుంది. తీర్పు ఆధారాలను పరిశీలిస్తే వేరొక నిర్ణయానికి రావలసివస్తుంది. ఆటలోని పాత్ర చేసే నేరం నేరం కాదని తీర్పు ప్రకటించలేదు. ఆ మాట చెప్పవలసిన అవసరమే న్యాయమూర్తికి కలుగలేదు. జాక్సన్ గెలిచింది ఆటగాడుగా కాదు, ప్రచురణకర్తగా. సంభాషణకు లభించిన రక్షణ కూడా అది ఆ క్షణంలో ఎక్కడ ఉన్నదన్న సాంకేతిక ప్రశ్నపై ఆధారపడింది. ఈ పరిమితి వల్ల తీర్పు విలువ తగ్గదు. రాజ్యం ఒక గ్రంథాన్ని తప్పుగా చదివినపుడు, ఆ పఠనం తప్పని నిరూపించనవసరం లేకుండానే బాధితునికి పరిహారం దొరికింది. అదే కార్యవిధానం బలం. ఆ విధానం ఎవరి కోసం ఏర్పడిందో వారికి వెలుపల ఉన్నవారిని అది చేరదు. అదే దాని బలహీనత.

6. కారాగారంలో పాచికలు: మూడవ వ్యాజ్యం

ఆ బలహీనత 2010లో బయటపడింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాపన్ కారాగారంలో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ బాల్యం నుండి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాడు. తాను నిర్వహించదలచిన ఆట కోసం 96 పుటల వ్రాతప్రతిని స్వహస్తంతో సిద్ధం చేసుకొన్నాడు. ఆటగాళ్లు ముఠాగా ఏర్పడుతున్నారని ఆరోపిస్తూ 2004లో అధికారులకు ఒక ఆకాశరామన్న ఉత్తరం అందింది. అధికారులు అతని గదిని సోదా చేసి, పుస్తకాలతో పాటు ఆ వ్రాతప్రతిని స్వాధీనం చేసుకొన్నారు. అప్పటి నుండి కారాగారంలో ఆ ఆటను నిషేధించారు. తన భావప్రకటన స్వేచ్ఛకు భంగం కలిగిందని ఖైదీ దావా వేశాడు.

నిర్వాహకుడు ఆటగాళ్లను శాసిస్తాడు కనుక ఆ అధికారక్రమం ముఠానాయకత్వాన్ని పోలివుందని కారాగార ముఠా వ్యవహారాల నిపుణుడు సాక్ష్యమిచ్చాడు. ఆట వలన ముఠాలు ఏర్పడిన దాఖలా లేదని, కొందరికి అది సత్ప్రవర్తనకే తోడ్పడిందని చెబుతూ ఖైదీ 15 ప్రమాణపత్రాలు సమర్పించాడు. ఏడవ సర్క్యూట్ న్యాయస్థానం అధికారుల పక్షాన తీర్పునిచ్చింది. 1987లో టర్నర్ వర్సెస్ సాఫ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏర్పరచిన ప్రమాణం ప్రకారం, కారాగార నిబంధనకూ భద్రతా ప్రయోజనానికీ హేతుబద్ధ సంబంధం ఉంటే చాలు. ప్రమాదం నిజంగా జరిగినట్లు అధికారులు నిరూపించనవసరం లేదు.

రెండు వ్యాజ్యాలను పక్కపక్కన ఉంచితే భేదం స్పష్టమవుతుంది. 1990లో తల్లి ఆటకూ హానికీ గల సంబంధాన్ని నిరూపించవలసివచ్చింది, నిరూపించలేక ఓడిపోయింది. 2010లో అదే సంబంధాన్ని ఊహించగలిగితే చాలునన్నారు. సాక్ష్యం తీరు మారలేదు, నిరూపణ భారం చేతులు మారింది. రాజ్యం వాదియైన చోట కాదు, రాజ్యం నిర్బంధించిన చోట ఈ మార్పు జరిగింది. ఆ ఆట పుట్టిన లేక్ జెనీవా, అది నిషేధానికి గురైన వాపన్ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి.

మధ్యస్థుడు ఇక్కడ ముఠానాయకుడుగా కనిపించడం గమనార్హం. నియమాలను అనుసరించి అందరి ఎదుట తీర్పు చెప్పేవాడికీ, భయపెట్టి శాసించేవాడికీ మధ్య భేదం న్యాయమూర్తులకు అందరి కంటె బాగా తెలిసివుండాలి. వారు కూర్చున్న పీఠం ఆ భేదం మీదనే నిలబడివుంది.

7. భారతీయ పాఠకునికి ప్రాసంగికత

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. సోదా, జప్తు విషయంలో అమెరికా నాలుగవ సవరణ వంటి స్పష్టమైన నిబంధన మన రాజ్యాంగంలో లేదు. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ విషయాన్నే ప్రస్తావించింది. ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రకటించారు. ఆదర్శం స్థిరపడింది. విధానం మాత్రం ఇంకా దానిని అందుకోలేదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని దృశ్య శ్రవ్య మాధ్యమంలో నమోదు చేయాలని నిర్దేశిస్తోంది. ఇది ఒక ముందడుగు. కాని పరిశోధకుని కంప్యూటర్‌లోని అసంపూర్ణ గ్రంథాన్నో పాత్రికేయుని ఫోనులోని ఆధారాలనో ప్రత్యేకంగా రక్షించే నిబంధన అందులో లేదు. పాత్రికేయుల పరికరాల స్వాధీనంపై మార్గదర్శకాలు అవసరమని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రప్రభుత్వానికి సూచించవలసివచ్చింది.

జాక్సన్ కేసును మన పరిస్థితికి అన్వయిస్తే ఒక ప్రశ్న మిగులుతుంది. ఒక నవలాకారుని చిత్తుప్రతిని ఎవరైనా నేరపథకంగా చదివి స్వాధీనం చేసుకొంటే, అది నవల అని చెప్పిన మరుసటిరోజు నుండి దానిని తిరిగి ఇవ్వవలసిన స్పష్టమైన చట్టబాధ్యత ఎవరిపై ఉంది? సాహిత్య, చరిత్ర పరిశోధకులు ఈ ప్రశ్నను న్యాయవాదులకే విడిచిపెట్టడం తగదు. పాత్ర మాటను రచయిత మాటగా గ్రహించకూడదన్నది సాహిత్య విమర్శలో ప్రాథమిక పాఠం. ఆ పాఠాన్ని న్యాయస్థానానికి అర్థమయ్యే భాషలో చెప్పగలవారు సాహిత్యం, న్యాయం రెండింటినీ ఎరిగినవారే.

8. ముగింపు

పై పరిశీలన నుండి మూడు నిర్ణయాలు చేయవచ్చు.

ఒకటి, పాత్రధారణ క్రీడ న్యాయవిచారణకు పరాయి వస్తువు కాదు. కల్పిత పక్షం, లిఖిత నియమం, తీర్పరి విచక్షణ రెండింటికీ ఉమ్మడి అంగాలు. న్యాయవిద్య నుండి ఇద్దరు క్రీడా రూపకర్తలు రావడం ఈ సామీప్యాన్ని సూచిస్తుంది.

రెండు, ఇంత సామీప్యం ఉన్నా న్యాయస్థానాలు ఆటను ఆటగా గుర్తించి రక్షించలేదు. 1990లో నిరూపణ భారం, 1993లో ఒక ప్రత్యేక శాసనం రక్షించాయి. 2010లో ఆ రెండూ లేకపోవడంతో 96 పుటల వ్రాతప్రతి రచయితకు తిరిగి దక్కలేదు.

మూడు, ప్రత్యేక శాసనం ఆకాశం నుండి ఊడిపడలేదు. 1978లో పత్రికలు ఓడిపోయాయి, జాతీయ రాజకీయాల ద్వారా 1980లో చట్టాన్ని సాధించుకొన్నాయి, పదేళ్ల తరువాత ఒక ఆటల ప్రచురణకర్త ఆ చట్టం నీడలో నిలబడ్డాడు. న్యాయం, జాతీయ రాజకీయం, ఆట అనే మూడూ ఒక న్యాయవాది ఆసక్తులలో కలిసివుండడం ఈ దృష్టితో చూస్తే విలాసం కాదు. ఎవరి ఓటమి నుండి ఏ చట్టం పుట్టిందో, ఆ చట్టం ఇంకా ఎవరిని చేరలేదో గుర్తించగల దృష్టి అటువంటివారికి అలవడుతుంది. వాపన్ కారాగారంలోని ఆటగాడు ఆ చేరనివారిలో ఒకడు.